బండి దగ్గరికి బ్రూనో వస్తానంటే

ఈ మధ్య రీల్స్‌లో ఒక రకం వీడియోలు తెగ తిరుగుతున్నాయి. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఒక కెఫే. చెట్టు కింద టేబుల్, టేబుల్ కింద ఒక గోల్డెన్ రిట్రీవర్, దాని ముందు నీళ్ల గిన్నె, గోడ మీద 'పెట్ ఫ్రెండ్లీ' అని బోర్డు. ఇంట్లో కుక్క ఉన్నవాళ్లెవరికైనా మనసు లాగుతుంది. మన డే స్కాలర్స్‌లో చాలామంది ఇళ్లలో కుక్కలున్నాయి కాబట్టి, "మా బ్రూనోని కూడా సాయంత్రం బండి దగ్గరికి తీసుకొస్తా రా" అనే మాట క్లాసులో తరచూ వినిపిస్తూనే ఉంటుంది. బ్రూనో అంటే ఒక్క కుక్క కాదులెండి. చేబ్రోలు నుంచి తెనాలి దాకా ఉన్న పెంపుడు కుక్కలన్నిటికీ ఈ వ్యాసంలో అదే ఉమ్మడి పేరు.

మరి తీసుకురావచ్చా? తీసుకురావచ్చు. కానీ ఆ రీల్‌లో చూసినట్టు కాదు. అక్కడ పనిచేసే పద్ధతి ఇక్కడ ఎందుకు పనిచేయదో, ఇక్కడ ఏది పనిచేస్తుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

బోర్డు వెనక ఉన్న రూలు

'కుక్కకి ప్రవేశం లేదు' అన్న మాట మనకి కొత్తది కాదు. మహాప్రస్థానంలో స్వర్గం గుమ్మం దగ్గర ధర్మరాజుకి ఎదురైన మాట అదే. వెంట వచ్చిన కుక్కని వదిలేస్తేనే లోపలికి రమ్మంటే, అయితే నాకా స్వర్గమే వద్దన్నాడాయన. ఇవాళ మన హోటల్ ఓనరుగారితో అంత వాదన పెట్టుకోనక్కర్లేదు. ఆయన వద్దంటున్నది ఎందుకో తెలుసుకుంటే చాలు.

మన దేశంలో ఆహార భద్రతా చట్టం 2006లో వచ్చింది. దాని కింద 2011లో లైసెన్సులకి సంబంధించిన నిబంధనలు వచ్చాయి. వాటి నాలుగో షెడ్యూలులో శుభ్రత గురించి ఒక పెద్ద జాబితా ఉంది. ఎలుకలు, పురుగులు రాకుండా చూసుకోవాలని చెప్పే చోటే, జంతువుల్ని, పక్షుల్ని, పెంపుడు జంతువుల్ని ఆహార సంస్థ ఆవరణలోకి రానివ్వకూడదని కూడా ఉంటుంది. అంటే లైసెన్సు ఉన్న హోటలాయన "కుక్క వద్దు బాబూ" అంటే అది మొరటుతనం కాదు. కాగితం మీద ఉన్న రూలే ఆయన చెబుతున్నాడు. నగరాల్లో కుక్కల్ని రానిచ్చే కెఫేలు సాధారణంగా వంటగదికి దూరంగా, విడిగా ఒక చోటు కేటాయించి నడుపుతున్నాయి.

బయటి దేశాల్లో గీత ఎక్కడ గీశారో చూస్తే విషయం ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. యూరోపియన్ యూనియన్ 2004లో తెచ్చిన ఆహార శుభ్రత నియమం ప్రకారం, ఆహారాన్ని తయారుచేసే, పట్టుకునే, నిలవచేసే చోట్లకి పెంపుడు జంతువులు రాకూడదు. తినే చోటు సంగతి వేరు. అందుకే పారిస్‌లో కెఫే కుర్చీ కింద కుక్క పడుకుని కనిపిస్తే ఎవరూ ఆశ్చర్యపోరు.

మన సీనియర్లు, అన్నయ్యలు, అక్కయ్యలు బోలెడంతమంది ఉన్న కాలిఫోర్నియాలో 2014లో ఒక చట్టం చేశారు. 2015 జనవరి 1 నుంచి అక్కడి రెస్టారెంట్లు తమకి ఇష్టమైతే ఆరుబయట టేబుళ్ల దగ్గరికి పెంపుడు కుక్కల్ని రానివ్వచ్చు. షరతులు మాత్రం గట్టివి. కుక్క లోపలి హాల్లోంచి నడిచి రాకూడదు, బయటినుంచి వేరే దారి ఉండాలి. లీష్ తప్పనిసరి. కుర్చీలు, బెంచీలు ఎక్కకూడదు. అది ఉన్న చోట వంట జరగకూడదు. వడ్డించేవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు. దానికి తిండి పెడితే వాడి పారేసే గిన్నెలోనే పెట్టాలి.

ఈ షరతులన్నిటి వెనకా ఉన్నది ఒక్కటే సూత్రం: వంట చేసే చేతికి, కుక్కకి మధ్య దూరం. రీల్‌లో కనిపించే ఆ చెట్టు కింద టేబుల్ నిలబడింది ఆ దూరం మీదే.

మన బండికి గోడ లేదు

ఇప్పుడు నారాకోడూరు సెంటర్లోనో, చేబ్రోలు రోడ్డు పక్కనో, తెనాలి బస్టాండు బయటో ఒక పునుగుల బండిని ఊహించుకోండి. పొయ్యి ఎక్కడ? బండి మీద. పిండి గిన్నె? పొయ్యి పక్కన. చట్నీ బకెట్టు? కింద స్టూలు మీద, సరిగ్గా కుక్క మూతి ఎత్తులో. మనం నిలబడి తినేది ఎక్కడ? వీటన్నిటికీ రెండడుగుల దూరంలో. కాలిఫోర్నియా వాళ్లు వేరుగా ఉంచమన్న వంట చోటు, తినే చోటు మన దగ్గర ఒకటే. మధ్యలో గోడ లేదు, తలుపు లేదు.

కాబట్టి "ఆరుబయటే కదా, కుక్క ఉంటే ఏంటి?" అన్న వాదన మన బండి దగ్గర చెల్లదు. ఇక్కడ ఆరుబయటే వంటగది కూడా. బ్రూనో ఒక్కసారి ఒళ్లు దులిపితే ఆ బొచ్చు ఎక్కడ పడుతుందో ఊహించండి. బండి నడిపే బాబాయి మనకి మొహమాటపడి ఏమీ అనకపోవచ్చు. కానీ అది చూసి ఇద్దరు పార్సిల్ వద్దని వెళ్లిపోతే, నష్టం ఆయన రోజు కూలిలోంచి పోతుంది.

అయితే గోడ లేని చోట దూరాన్ని మనమే తయారుచేసుకోవచ్చు. దానికి మన ప్రాంతంలో ఎప్పటినుంచో ఉన్న ఏర్పాటు పార్సిల్. ఇద్దరు వెళ్లండి. ఒకరు బ్రూనోతో రోడ్డుకి ఇవతల, నీడ ఉన్న చోట ఆగాలి. ఇంకొకరు వెళ్లి పార్సిల్ కట్టించుకురావాలి. తర్వాత రద్దీ లేని కాలవ గట్టో, సొంత పొలం గట్టో, ఎవరింటి అరుగో చూసుకుని కూర్చోండి. కృష్ణా పశ్చిమ డెల్టా కాలవలు పారే ఊళ్లు మనవి. తెనాలికి ఆంధ్రా ప్యారిస్ అని పేరు రావడానికి ఊళ్లోంచి పారే ఆ కాలవలే కారణమంటారు. ప్యారిస్ కెఫే లేకపోయినా ఆంధ్రా ప్యారిస్ కాలవ గట్టు ఉందిగా! తిన్నాక ఆకులు, కవర్లు అక్కడే పడేయకుండా తెచ్చేస్తే చాలు.

తాడు లెక్క

ఇంజినీరింగ్ చదువుతున్నాం కాబట్టి ఒక చిన్న లెక్క. కుక్కని ఒక స్తంభానికి కట్టారనుకోండి. లీష్ పొడవు ఒకటిన్నర మీటరు. అది తిరగగలిగే వృత్తం వైశాల్యం సుమారు 7 చదరపు మీటర్లు. ఇప్పుడు ఆన్‌లైన్లో దొరికే, లాగితే సాగే 5 మీటర్ల లీష్ తీసుకోండి. వైశాల్యం 78 చదరపు మీటర్లు దాటిపోతుంది. పొడవు మూడు రెట్లకి కొంచెం ఎక్కువే పెరిగింది, కానీ కుక్క చేరగలిగే జాగా పదకొండు రెట్లు పెరిగింది. వ్యాసార్థం స్క్వేర్ అవుతుందని మనకి ఏడో క్లాసులోనే చెప్పారు. అది ఇంత పనికొస్తుందని మాత్రం చెప్పలేదు.

అందుకే జనం తిరిగే చోట పొట్టి లీషే మేలు. ఇంకో కుక్క కూడా ఉంటే రెండు వృత్తాలూ కలవకూడదు. ఒకటిన్నర మీటర్ల లీష్‌లు రెండైతే స్తంభాల మధ్య కనీసం మూడు మీటర్లు, దాని మీద కుక్కల ఒంటి పొడవు కూడా కలుపుకోవాలి. ప్లాస్టిక్ కుర్చీకో, పార్క్ చేసిన బైకు హ్యాండిల్‌కో మాత్రం కట్టొద్దు. ముప్పై కిలోల ల్యాబ్రడార్ ఉలిక్కిపడి పరిగెత్తిందంటే కుర్చీ దాని వెంటే పరిగెడుతుంది. ఆ చప్పుడుకి అది ఇంకా బెదిరిపోతుంది. అసలు కట్టేసి వదిలి వెళ్లడం కన్నా చేత్తో పట్టుకుని ఉండడమే మంచిది.

ప్లేటులోంచి ఒక ముద్ద

కాలవ గట్టు మీద కూర్చున్నాక బ్రూనో ఏం చేస్తుంది? మన మొహంలోకి చూస్తుంది. ఆ చూపుకి కరగని మనిషి లేడు. కానీ మన టిఫిను చాలావరకు దాని ఒంటికి పడదు.

ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. వండినా, ఎండబెట్టి పొడి చేసినా ఆ గుణం పోదు. ఉల్లి దోశ, బొంబాయి చట్నీ, అల్లం వెల్లుల్లి ముద్ద వేసిన బిర్యానీ, నూడుల్స్ అన్నీ ఈ లెక్కలోవే. దీని లక్షణాలు అప్పటికప్పుడు కాక కొన్ని రోజుల తర్వాత బయటపడచ్చు. అందుకే "మొన్న పెట్టాను, ఏం కాలేదుగా" అన్న ధైర్యం పనికిరాదు.

ద్రాక్ష, ఎండుద్రాక్ష కిడ్నీల్ని పాడుచేస్తాయి. వాటిలో ఉండే టార్టారిక్ ఆమ్లమే కారణమని ఇప్పుడు పశువైద్యులు అనుమానిస్తున్నారు. మన చింతపండులో కూడా ఆ ఆమ్లం బాగా ఎక్కువ. కాబట్టి పులిహోర, సాంబారు కూడా దూరం పెట్టడమే మేలు. చాక్లెట్ సంగతి చాలామందికి తెలిసిందే. ఉడికిన కోడి ఎముకలు పుల్లల్లా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి. ఇక గుంటూరు కారం గురించి వేరే చెప్పాలా?

మరి ఏం పెట్టాలి? నూనె, చట్నీ తగలని ఉత్త ఇడ్లీ ముక్క కొంచెం పెడితే ఫరవాలేదు. అన్నిటికన్నా సులువు ఏంటంటే, ఇంటి దగ్గరే దానికి తిండి పెట్టేసి, మీతో నీళ్ల సీసా, ఒక గిన్నె తెచ్చుకోవడం. కడుపు నిండిన కుక్క పక్కవాడి ప్లేటు వైపు తక్కువ చూస్తుంది.

ఎండ

కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూ ఒంటి వేడి తగ్గించుకోవడమే దానికున్న ముఖ్యమైన దారి. గాలిలో ఉక్క ఎక్కువైతే ఆ దారి కూడా సరిగ్గా పనిచేయదు. ఉక్కపోతకి మన కోస్తా ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. రోహిణీ కార్తెలో గాలి 42 డిగ్రీలుంటే తారు రోడ్డు ఇంకా చాలా ఎక్కువ కాలుతుంది. మనకి చెప్పులున్నాయి, దానికి లేవు.

పరీక్ష సులువే. అరచేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించండి. మీరు ఉంచలేకపోతే అది నడవలేదు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా పొద్దున ఏడు లోపు, సాయంత్రం ఆరు తర్వాతే తీసుకెళ్లండి. మూతి చప్పిడిగా ఉండే పగ్ లాంటి జాతులకి ఊపిరి తిరగడమే కష్టం కాబట్టి ఎండాకాలంలో వాటిని ఇంట్లోనే ఉంచండి. కుక్క విపరీతంగా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతుంటే నీడకి తెచ్చి, ఒంటి మీద నీళ్లు పోసి, గాలి తగిలేలా చేసి, వెంటనే పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

అక్కడ ముందే ఉన్నవాళ్లు

రీల్‌లో ఎప్పుడూ కనిపించని పాత్ర ఒకటుంది, వీధి కుక్క. మన బండ్ల దగ్గర నాలుగైదు ఉంటాయి. అది వాటి చోటు. మనం విసిరిన గారె ముక్కలతోనే అవి అక్కడ బతుకుతున్నాయి. వాటి దృష్టిలో బ్రూనో బయటివాడు, పైగా తిండి దగ్గరికి వచ్చిన బయటివాడు. గొడవ మొదలయ్యేది అక్కడే. అప్పుడు చాలామంది తమ కుక్కని విడిపించాలని మధ్యలో చెయ్యి పెడతారు. కరిచేది ఆ చేతినే.

'మొరిగే కుక్క కరవదు' అన్న సామెతని నమ్ముకోవద్దు. మొరగడం, గుర్రుమనడం అంటే అది ముందే హెచ్చరిస్తోందన్నమాట. తోక ఊపితే ప్రేమేనన్నది కూడా పూర్తి నిజం కాదు. ఒళ్లు బిగబట్టి, తోక నిటారుగా లేపి చిన్నగా ఊపుతుంటే జాగ్రత్తపడాలి. మూతి మాటిమాటికీ నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, తల తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం, ఇవన్నీ "నాకిక్కడ బాగాలేదు" అని చెప్పే తీరు. బ్రూనో ఇలా చేస్తే టిఫిను మానేసి ఇంటికెళ్లిపోవడమే. దానికి ఇష్టం లేని షికారు మన ఫొటో కోసమే అవుతుంది.

పక్క బెంచీ మీద కూర్చున్న మనుషులూ ఉన్నారు. చిన్నప్పుడు కరిపించుకున్నవాళ్లు ఉంటారు. కుక్క చొంగ తగిలితే స్నానం చేయాలనో, నమాజుకి ముందు బట్ట కడుక్కోవాలనో పాటించేవాళ్లు ఉంటారు. చంకలో పసిపిల్లతో అమ్మ ఉంటుంది. "మాది ఏమీ అనదండీ" అని మనం అనే మాట వాళ్లకి ధైర్యం ఇవ్వదు. పది అడుగులు వెనక్కి జరిగితే ఇస్తుంది. చట్టం కూడా వాళ్ల వైపే ఉంది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 ప్రకారం, తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకి ప్రమాదం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడచ్చు.

అసలు భయం రేబిస్

మనుషుల్లో రేబిస్ లక్షణాలు కనిపించాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది దీనివల్ల చనిపోతున్నారు. అందులో మూడో వంతుకి పైగా మన దేశంలోనే. మనుషులకి సోకే కేసుల్లో 99 శాతం కుక్కల నుంచే వస్తున్నాయి. ఇంత భయంకరమైన జబ్బుకి టీకా మాత్రం 1885 నుంచీ ఉంది. ఆ ఏడాది జులై 6న లూయీ పాశ్చర్, కుక్క కరిచిన ఒక తొమ్మిదేళ్ల పిల్లాడికి మొదటిసారి ఆ టీకా ఇప్పించాడు. ఆ రోజుకి గుర్తుగానే జులై 6ని జూనోసిస్ దినంగా జరుపుతారు. మన రాష్ట్రంలో పశువైద్యశాలల్లో ఆ రోజు కుక్కలకి ఉచితంగా రేబిస్ టీకాలు వేసే శిబిరాలు పెడుతుంటారు.

బ్రూనోకి మూడో నెలలో మొదటి టీకా, డాక్టర్ చెప్పిన టైముకి బూస్టర్, ఆ తర్వాత ఏటా ఒకటి. ఆ కార్డు ఫొటో మీ ఫోన్లో లేకపోతే బయటికి తీసుకురావద్దు.

ఎవరినైనా కరిస్తే, గీరితే, గాయం మీద నాకితే, అది పెంపుడుదైనా వీధిదైనా మొదట చేయాల్సింది ఒకటే. పంపు కింద సబ్బుతో పూర్తిగా 15 నిమిషాలు కడగాలి. రేబిస్ వైరస్ పైపొర కొవ్వుతో చేసినది, సబ్బు దాన్ని చెడగొడుతుంది. కారం, సున్నం, పసరు, కాఫీ పొడి ఏదీ పెట్టకూడదు. వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో అయితే 0, 3, 7, 28 రోజుల్లో టీకాలు వేస్తారు. కండకి ఇచ్చేదైతే 14వ రోజు కూడా ఉంటుంది. రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇవ్వాలి. మూడో డోసు రోజు మిడ్ ఎగ్జామ్ ఉందని మానేయడం కుదరదు.

గేటుకి ఇవతల, గేటుకి అవతల

2025లో సుప్రీంకోర్టు వీధి కుక్కల మీద వరసగా ఉత్తర్వులిచ్చింది. ఆగస్టు 22న, ఆపరేషను చేసి టీకా వేసిన కుక్కల్ని తెచ్చిన చోటే వదలాలని, రేబిస్ ఉన్నవాటిని, మీద పడేవాటిని మాత్రం వదలకూడదని చెప్పింది. ఎక్కడ పడితే అక్కడ తిండి పెట్టకుండా దానికి విడిగా చోట్లు చూపించమంది. నవంబరు 7న విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల లోపలున్న కుక్కల్ని షెల్టర్లకి తరలించాలని, మళ్లీ అక్కడ వదలకూడదని ఆదేశించింది. ఏ కాలేజీ అయినా ఇప్పుడు ఈ ఉత్తర్వు కిందికి వస్తుంది. గేటుకి అవతలున్న బండ్ల దగ్గరి కుక్కల సంగతి వేరు. వాటికి 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలే వర్తిస్తాయి. ఆ బాధ్యత పంచాయతీలది, మున్సిపాలిటీలది.

ఇక్కడ మనకి పనికొచ్చే అంకె ఒకటుంది, 70. ఒక ప్రాంతంలో 70 శాతం కుక్కలకి టీకా పడితే రేబిస్ ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకే గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒక సెంటర్లో పది కుక్కలుంటే ఏడింటికి అన్నమాట. 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ని దేశంలో లేకుండా చేయాలని 2021లో జాతీయ ప్రణాళిక వేసుకున్నారు. ఆ లెక్క చివరికి నెరవేరాల్సింది ఇలాంటి సెంటర్లలోనే.

వాటిని మనం పట్టుకుని టీకాలు వేయలేం, వేయకూడదు కూడా. మనకి చేతనయ్యేవి వేరే ఉన్నాయి. బండి చుట్టూ గారె ముక్కలు విసరడం మానేసి, పొయ్యికి, పిల్లలు తిరిగే చోటుకి దూరంగా ఒకే చోట, ఒకే టైముకి పెట్టడం. ఏ సెంటర్లో ఎన్ని కుక్కలున్నాయో, వేటికి చెవి కొసన ఆపరేషను గుర్తుగా కత్తిరించి ఉందో రాసి, పంచాయతీ ఆఫీసులో, పశువుల ఆసుపత్రిలో అర్జీ ఇవ్వడం. ఒక ఆదివారం, నలుగురు, ఒక నోట్‌బుక్కు చాలు.

బ్రూనో టీకా కార్డు సరిగ్గా ఉండి, బండి దగ్గరి కుక్కలకి ఏదీ లేకపోతే ఆ సెంటర్ ఎవరికీ భద్రం కాదు. టీ పోసే బాబాయికీ కాదు, ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని హోంవర్కు చేసుకునే ఆయన కూతురికీ కాదు. జులై 6 శిబిరానికి బ్రూనోని తీసుకెళ్లినప్పుడు, మన సెంటర్ కుక్కల సంగతి కూడా డాక్టర్‌గారిని అడిగి రండి.